పాత తలుపు మీద పాతినుప కొట్టు

మా ధరణికోటకు రైలు లేదు. ఒకప్పుడు ధాన్యకటకమని పేరుపొందిన ఊరు ఇది. 1962-64 సంవత్సరాలలో పురావస్తుశాఖవారు ఇక్కడ త్రవ్వినపుడు కృష్ణానదిని కలిపే కాలువ, పడవలు ఆగే రేవుకట్ట బయటపడ్డాయి. అంత పాత రేవు ఉన్న ఊరిలో రైలు ఎక్కవలెనంటే ఇప్పటికీ గుంటూరుకో సత్తెనపల్లికో బస్సులో పోవలసినదే. అందుకే 2024 అక్టోబరులో ఎర్రుపాలెం నుండి అమరావతి మీదుగా నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు, నదిపై 3.2 కిలోమీటర్ల వంతెనకు కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చినదని తెలిసిన ఆదివారం మా సండే స్కూలులో పాఠం ముందుకు సాగలేదు. పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. మన ఊళ్ళో స్టేషను ఎక్కడ కడతారు టీచర్?

"వాళ్ళు కట్టేలోపల మనమే ఒకటి కడదాం" అని మేము తేలికగా అనేశాము. సండే స్కూలు నడిపే భార్యాభర్తలము మేము, ఇద్దరికీ రైళ్ళ గురించి టిక్కెట్టు కొనడం తప్ప మరేమీ తెలియదు. అన్న మాట నిలబెట్టుకొనుటకు మరుసటి క్రిస్మస్ వరకు పట్టింది.

మా సంఘములోని ఒక కుటుంబమువారి అబ్బాయి విదేశములో ఉద్యోగం చేస్తున్నాడు. తన పిల్లలు ఆడి విడిచిపెట్టిన బొమ్మరైలు పెట్టె ఒకటి వేసవి సెలవులకు వస్తూ తెచ్చి ఇచ్చాడు. ఒక డీజిలు ఇంజను, మూడు వ్యాగన్లు, గుండ్రంగా తిరిగే పట్టాల ముక్కలు, కరెంటు తగ్గించి హెచ్చించే చిన్న పెట్టె. పట్టాలు పరచడానికి బల్ల కావాలి గదా! మందిరము వెనుక గదికి కొత్త తలుపు పెట్టినపుడు తీసివేసిన పాత టేకు తలుపు గోడకు ఆనించి ఉంది. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. అయ్యగారిని అడిగితే, "చెదలు పట్టకముందే తీసుకుపొండి" అన్నారు.

మా మొదటి పటము ఇప్పటికీ దాచుకున్నాము, చూస్తే నవ్వు వస్తుంది. చుట్టూ పట్టాలు, ఒక మూల కొండ, కొండలో సొరంగం, మధ్యలో నీలిరంగు చెరువు, చెరువులో బాతులు. పిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలా ఒక చెట్టు గీసిపోయారు. తీరా కొలిస్తే మా పెట్టెలోని వంపు పట్టాలు ఒక చుట్టు తిరగడానికి మూడడుగుల పైన వెడల్పు కావాలి. తలుపు రెండున్నరే. పక్కన మరో చెక్క అతికించాలా, వద్దా అని మేము తర్జనభర్జన పడుతుంటే వెనుక నుండి ఒక అబ్బాయి అన్నాడు:

"ఈ రైలు ఏం మోస్తది మాస్టారూ?"

ఆ అబ్బాయిని గురించి కొంచెం చెప్పాలి. ఎనిమిదో తరగతి. వాళ్ళ నాన్న పాతినుప సామాను వ్యాపారం చేస్తాడు. ఉదయం మూడు చక్రాల బండి తొక్కుకుంటూ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఇనుముకు డబ్బులో ఉల్లిపాయలో ఇచ్చి, సాయంకాలానికి బండి నింపుకొని వస్తాడు. ఊరి చివర రేకుల పంచ క్రింద చిన్న కొట్టు. పిల్లవాడు నాలుగైదు నెలలుగా సండే స్కూలుకు సరిగా రావడం లేదు. కారణం మాకు ఆలస్యంగా తెలిసింది. వాడు గేటు దాటగానే తోటి పిల్లలు వాళ్ళ నాన్న వీధిలో వేసే కేకను అచ్చంగా అతని గొంతుతోనే వేసి నవ్వేవారట. మేము నడిపే బడిలో, మా వెనుకనే ఇది జరుగుతూ ఉంటే మాకు వినబడలేదు. ఆ రోజు వాడు వచ్చినది కూడా రైలు చూడడానికే.

ఏం మోస్తది? మా పటంలో రైలు ఏమీ మోయడం లేదు. చెరువు చుట్టూ తిరుగుతూ ఉంది, అంతే. ఈ పని బాగా తెలిసిన దేశాలవాళ్ళు బొమ్మరైలు దారి వేయబోయే ముందు మొట్టమొదట అడుగుకొనే ప్రశ్న ఇదేనని ఆ తరువాత చదివి తెలుసుకున్నాము. సరుకు ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోవాలి, ఎవరు దించుకుంటారు? దీనికి జవాబు ఉంటే పట్టాలు ఎక్కడ వేయాలో అదే చెబుతుంది. మిరపకాయలన్నారు ఒకరు, పత్తి బేళ్ళన్నారు ఇంకొకరు. రెండూ మన పల్నాటి సరుకులే. కాని కాగితం బస్తాలు ఒకసారి పేర్చిన తరువాత వాటితో చేసే పని ఏముంది? అప్పుడు మాలో ఒకరు ఆ అబ్బాయి వైపు చూసి, "మీ కొట్లో ఏమేమి ఉంటాయిరా?" అని అడిగారు. పిల్లలు కొందరు కిసుక్కున నవ్వారు. వాడు తల వంచుకొని మొదలుపెట్టినవాడు పది నిమిషాలు ఆపలేదు.

ఇనుమంతా ఒకటి కాదట. బీడు వేరు, రేకు వేరు, గట్టి ఇనుము వేరు. బీడు సమ్మెటతో కొడితే పగులుతుంది, గట్టి ఇనుము వంగుతుంది. రేకు చోటు ఎక్కువ తింటుంది, బరువు తక్కువ తూగుతుంది. అందుకని దానిని తొక్కి కట్ట కడతారు. రాగి, ఇత్తడి, సత్తు సామాను ఎప్పుడూ లోపలి గదిలో తాళం వేసి ఉంచాలి. అయస్కాంతం జేబులోనే ఉండాలి, అంటుకుంటే ఒక ధర, అంటుకోకుంటే ఒక ధర. కాటా గేటు దగ్గరే ఉండాలి, వెనుక ఉంటే తూకం వేయకుండానే సరుకు సరుకులో కలిసిపోతుంది. ఇలా చెప్పుకుంటూ పోయాడు. చెరువు, కొండ, బాతులు ఆ సాయంకాలమే చెరిపివేశాము.

ఇప్పుడు తలుపు వెడల్పు చాలదన్న చింత కూడా తీరింది. పాతినుప కొట్టుకు రైలు గుండ్రంగా తిరగనక్కరలేదు. ముందుకు పోవాలి, వెనుకకు రావాలి, వ్యాగన్లను ఒక దారిలో విడిచి మరొక దారిలో తగిలించుకోవాలి. షంటింగు అంటారే, అదే. ఇంగ్లాండులో అలన్ రైట్ అనే ఆయన దీనికొక చక్కని ఆట కనిపెట్టాడు. ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అని దాని పేరు. రెండు పాయింట్లు, అంటే పట్టా మార్చే చోట్లు, మూడు దారులు. ఒక దారిలో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజను వెనుకకు లాక్కొనే దారిలో ఇంజనుకు తోడు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. చీటీలు తీసి, వచ్చిన అయిదింటిని వచ్చిన వరుసలోనే పెద్ద దారిలో నిలబెట్టాలి. వినడానికి చిన్నదే. కాని ఎనిమిదిని ఏడుతో, ఆరుతో, అయిదుతో, నాలుగుతో వరుసగా గుణిస్తే 6,720. అన్ని రకాల రైళ్ళు కట్టవచ్చునన్నమాట! లెక్కల మాస్టారి మాట వినని పిల్లలు దీని కోసం కాగితాలు నింపారు.

మాకు వచ్చిన బొమ్మ హెచ్.ఓ. అనే కొలతది. అసలు వస్తువులో 87వ వంతు. అసలులో ఒక అడుగుకు ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లకు దిగుతాడు. మన రైల్వేవారి బాక్స్‌ఎన్ వ్యాగను కొక్కెం నుండి కొక్కెం వరకు సుమారు 10.7 మీటర్లు, మన తలుపు మీద అది 123 మిల్లీమీటర్లు. అయిదు వ్యాగన్లకు రెండడుగుల పైచిలుకు. దానికి రెండు పాయింట్లు, ఇంజను దారి కలుపుకుంటే ఆరడుగులలోపే ముగిసింది. తలుపు సరిపోయింది, ఇంకా అరడుగు మిగిలింది కూడా. ఆ అరడుగులో పిల్లలు పసుపుపచ్చ బోర్డు నిలబెట్టి మూడు భాషలలో 'ధరణికోట' అని వ్రాశారు.

మా సంఘములో గుంటూరు-మాచర్ల లైను మీటరు గేజిగా ఉన్న రోజులలో గ్యాంగుమనిషిగా పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. పిల్లలు తాతయ్యా అంటారు. ఆయన వచ్చి కళ్ళజోడు సర్దుకొని ఒక్క చూపు చూసి, "ఇవి మన పట్టాలు కావు" అన్నారు. నిజమే. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. మీటరు గేజి అయితే పదకొండున్నరే. మా పెట్టెలోనివి పదహారున్నర, రెంటికీ చెందవు. చాలా దేశాలలో వాడే 1,435 మిల్లీమీటర్ల పట్టాలకు అవి నకలు. మన దగ్గర హైదరాబాదు మెట్రో ఆ వెడల్పుదే. "పోనీలెండి తాతయ్యా, సర్దుకుందాం" అంటే ఆయన సర్దుకోలేదు. పట్టాల ప్రక్కన కంకర మాత్రం తానే పోస్తానన్నారు. మూడు రోజులు కూర్చొని ఇసుక జల్లెడ పట్టి, చెంచాతో పోసి, పాత టూత్‌బ్రష్షుతో సర్ది, మధ్యలో నీళ్ళు పోవడానికి వాలు కూడా పెట్టారు. బొమ్మకు వర్షం ఎక్కడ నుండి వస్తుందని మేము అడగలేదు.

మిగతా వ్యాగన్లు పెళ్ళి శుభలేఖల అట్టలతో చేశాము. చక్రాలు మాత్రం కొనవలసి వచ్చింది. ఇక్కడ మా తెలివితక్కువ పని ఒకటి. అట్టలు అతకడానికి మైదా ఉడకబెట్టి వాడాము. మరునాడు తెల్లవారేసరికి ఎర్రచీమలు రెండు వ్యాగన్లను మోసుకుపోవడం ఒక్కటే తక్కువ. అన్నీ విప్పి ఫెవికాల్‌తో మళ్ళీ అతికించాము.

రెండవ తెలివితక్కువ పని ఇంతకంటే పెద్దది. పాతినుప కొట్టు నేల మామూలు నేలలా ఉండదు, నల్లగా, తుప్పుగా ఉంటుంది. అచ్చంగా అలాగే రావాలని లేతు మిషను కొట్టు నుండి ఇనుప రజను తెచ్చి జిగురు మీద చల్లాము. చూడముచ్చటగా వచ్చింది. ఇంజను రెండుసార్లు అటూ ఇటూ తిరిగి మూడవసారి మూలిగి ఆగిపోయింది. ఇంజను లోపలి మోటారులో అయస్కాంతం ఉంటుంది గదా, అది దారి పొడవునా రజనును పీల్చుకొని కడుపు నింపుకున్నది. ఆ అబ్బాయి జేబులోని అయస్కాంతంతో నేల మీది రజను అంతా ఊడ్చి, ఇంజను విప్పి సూదితో ఒక్కొక్క పోగు తీశాడు. మూడు సాయంకాలాలు పట్టింది. బొమ్మరైలు మొదలుపెట్టే చదువరులెవరైనా ఉంటే ఇది గుర్తుంచుకోండి. పట్టాల ప్రక్కన ఇనుప రజను వద్దు. మా కొట్టు నేల ఇప్పుడు ఇటుకపొడి, కాచిన టీపొడి, బొగ్గుమసి. గుట్టలలో కనబడే 'ఇనుము' సగం మాత్రల అట్టల రేకు, రీఫిళ్ళ ఇత్తడి మొనలు, వాచీ రిపేరువాళ్ళు పారవేసిన చక్రాలు.

అసలు ఇనుము ఒక్క చోట ఉంది, క్రేను దగ్గర. పెద్ద కొట్లలో అయస్కాంతపు క్రేను ఉంటుంది. కరెంటు ఇస్తే టన్నులకొద్దీ ఇనుము అంటుకుంటుంది, తీసేస్తే రాలిపోతుంది. 1825లో ఇంగ్లాండులో విలియం స్టర్జియన్ చేసి చూపినది ఈ కిటుకే. మేము మరమేకుకు కాలిపోయిన ఫ్యాను నుండి తీసిన రాగితీగ చుట్టి, టార్చి బ్యాటరీలు కలిపాము. గుండుసూదులు లేస్తాయి, ఇత్తడి మొనలు లేవవు. బీడూ రేకూ ఎందుకు వేరు చేస్తారో, అయస్కాంతం జేబులో ఎందుకుండాలో వాడు ఈసారి నవ్విన పిల్లలకే చూపించాడు.

ఇక మమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి. మాలో ఒకరికి ఎవరో ఎప్పుడో ఇచ్చిన రైలుపట్టా కీ ఒకటి, అంటే పట్టాను స్లీపరుకు బిగించే ఇనుప ముక్క, ఇంట్లో కాగితాల మీద బరువుగా ఉండేది. దానిని ముక్కలుగా కోయించి మా బొమ్మ కొట్టులో 'నిజమైన రైలు ఇనుము' అని పెడితే పిల్లలు సంతోషిస్తారు గదా అనుకున్నాము. సంచిలో వేసుకొని, వెంట అయిదారుగురు పిల్లలతో ఆ అబ్బాయి వాళ్ళ కొట్టుకు వెళ్ళాము. వాళ్ళ నాన్న లేచి స్టూలు తుడిచి వేశాడు. సంచిలోనిది చూపగానే ఆయన ముఖం మారిపోయింది.

"అది బయట పెట్టండి మాస్టారూ. గేటు బయట. నా కాటా దగ్గరకు కూడా తేవద్దు."

పిల్లలెదుట ఆయన అంత గట్టిగా మాట్లాడగా మేము ఎన్నడూ వినలేదు. తరువాత కూర్చోబెట్టి చెప్పాడు. రైలు ఇనుమును చూస్తే తెలుస్తుంది. దాని బరువు వేరు, దాని మీద గుర్తులు వేరు. అది కొట్టులో దొరికితే ఎక్కడిదో కొట్టువాడే చెప్పుకోవాలి. 1966లో వచ్చిన రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టము అంటే ఆ వ్యాపారములో తెలియనివారు లేరు. దొంగసొమ్మని అనుమానం కలిగిన రైల్వే వస్తువు ఎవరి దగ్గర ఉంటే, అది న్యాయంగా వచ్చినదని రుజువు చేసుకొనే భారం వారిదే. లేకుంటే అయిదేళ్ళ వరకు జైలు. చాలా ఏండ్ల క్రితం, ఎవరో గోతాం అడుగున వేసి అమ్మిన రెండు ముక్కల కోసం ఆయన రెండు రోజులు ఒక చోట కూర్చోవలసి వచ్చిందట. ఎక్కడో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఆ రోజుల్లో ఈ పిల్లవాడు ఇంకా పుట్టలేదు. "అప్పటి నుండి గోతాం బోర్లించి చూడకుండా కొనను. నష్టపోయినా సరే."

వాడు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. వెంట వచ్చిన పిల్లలు ఎవరూ నవ్వలేదు. మేము మాత్రం సిగ్గుపడ్డాము. ఒక మనిషి ఇరవై యేండ్లు జాగ్రత్తగా కాపాడుకొన్న వాకిట్లోకి మేము సరదా కొరకు సంచిలో ఏమి తీసుకొనిపోయామో తెలిసినపుడు నోట మాట రాలేదు. క్షమించమని అడిగాము. మరునాడు ఆ కీని స్టేషనుకు తీసుకొనిపోయి అప్పగించాము. అక్కడ బల్ల దగ్గర కూర్చున్నాయన మమ్మల్ని, ఆ ముక్కనూ మార్చి మార్చి చూసి, "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు. లేవని చెప్పి వచ్చేశాము.

దీనివలన మా పటము మళ్ళీ మారింది. అప్పటివరకు మేము రైలు దారిని సూటిగా కొట్టు లోపలికి వేశాము. పాడైన వ్యాగన్లు దొర్లుకుంటూ వచ్చి కొట్టులో పడతాయని మా ఊహ. అలా జరగదట. రైల్వేవారి తుక్కు రైల్వేవారి డిపోలోనే గుట్టలుగా ఉంటుంది. వేలం వేస్తారు, ఇప్పుడు ఆ వేలమంతా కంప్యూటరు ద్వారానే. పాడినవాడు డబ్బు కట్టి ఆర్డరు తెచ్చుకుంటే, అధికారుల ఎదుట తూకం వేసి లారీకి ఎత్తిస్తారు. కాబట్టి తలుపు మధ్యలో పొడవునా గోడ కట్టాము. గోడకు ఇవతల రైల్వే డిపో, దారులు, క్రేను. అవతల పాతినుప కొట్టు, రేకుల పంచ, కాటా, మూడు చక్రాల బండి. గోడకు ఒకే గేటు, గేటు దగ్గర ఖాకీ బట్టల బొమ్మ. ఊళ్ళు తిరిగి కొన్న ఇనుము మాత్రం కొట్టు నుండి లారీలో బయలుదేరి, స్టేషను గూడ్సు ప్లాట్‌ఫారం చుట్టి వచ్చి వ్యాగనుకెక్కి కొలిమికి పోతుంది. ఒక టన్ను తుక్కు కరిగించి ఉక్కు చేస్తే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజము, 740 కిలోల బొగ్గు మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘమువారి లెక్క. ఆ అంకెలు పిల్లలు అట్ట మీద వ్రాసి గోడకు అంటించారు.

సంఘములో కొందరు పెద్దలకు ఇది రుచించలేదు. మందిరపు హాలులో ఆటబొమ్మలేమిటి, అందులోనూ తుక్కు కొట్టేమిటి, క్రిస్మస్ పశువుల పాక ప్రక్కన పెడతారా అన్నారు. మాట న్యాయమే, కోపగించుకోలేదు. కాని బొమ్మరైళ్ళకూ దైవసేవకులకూ ఉన్న చుట్టరికము చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిల్లల కథలలోని నీలిరంగు ఇంజను థామస్‌ను సృష్టించినది రెవరెండు విల్బర్ట్ ఆడ్రీ అనే ఆంగ్లికన్ సంఘ కాపరి. తట్టు పోసుకొని మంచమెక్కిన తన చిన్న కొడుకును ఊరడించడానికి చెప్పిన కథలు అవి. మొదటి పుస్తకము 1945లో వచ్చింది. ఆయన తన బొమ్మరైలును ప్రదర్శనలకు మోసుకుపోయి స్వయంగా నడిపేవారు. 1997లో ప్రభువునందు నిద్రించారు. రెవరెండు పీటర్ డెన్నీ కట్టిన బకింగ్‌హామ్ దారి ఈ పనివారికి బడి వంటిది. కేడ్బీ గ్రామములో రెవరెండు టెడ్డీ బోస్టన్ పాస్టరుగారి ఇంటి తోటలోనే నిజమైన చిన్న రైలు నడిపారు. బిషప్పు ఎరిక్ ట్రేసీ ఆవిరి రైళ్ళను ఫోటోలు తీయడంలో పేరుపొందినవారు, 1978లో రైలు చూడడానికి పోయి స్టేషనులోనే కన్నుమూశారు. మన దేశములో పూణెలో జోషీగారి బొమ్మరైళ్ళ ప్రదర్శనశాల 1998 నుండి ఉంది. ఇవన్నీ చెబితే ఒక పెద్దాయన, "వాళ్ళది చలిదేశం, ఇంట్లో కూర్చోక ఏం చేస్తారు!" అన్నారు. దానికి జవాబు లేదు.

తుక్కు కొట్టు సంగతికి మాత్రం అయ్యగారే అడ్డుపడ్డారు. మన ప్రక్క అమరావతి స్తూపం ఏమైందో మరచిపోయారా అన్నారు. 1797 ప్రాంతాలలో కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చేసరికే చలువరాళ్ళు తవ్వి ఇండ్లకు, గుడులకు వాడుకుంటున్నారు. 1816లో తిరిగి వచ్చి చూస్తే మిగిలినది ఇంకా తక్కువ. చెక్కిన రాళ్ళెన్నో సున్నానికి కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తీయించినవి మద్రాసు చేరి, ఆ తరువాత అనేకము లండనుకు పోయి బ్రిటిష్ మ్యూజియములో ఉన్నాయి. మనవాళ్ళకు పాత సామానుగా కనబడినది ఇంకొకరికి అలా కనబడలేదు. నెహెమ్యా గ్రంథము నాలుగవ అధ్యాయములో కాలిన రాళ్ళ ప్రస్తావన ఎక్కడ వస్తుందో ఇంటికి పోయి చదువుకోండని చెప్పి ఆయన లేచిపోయారు.

పిల్లలకు మాత్రం అన్నిటికంటె నచ్చినది బారీ కథ. వేల్స్ దేశములో బారీ అనే రేవు పట్టణములో డాయ్ వుడ్‌హామ్ అనే పాతినుప వ్యాపారి ఉండేవాడు. బ్రిటిష్ రైల్వే ఆవిరి ఇంజన్లను మానివేసినపుడు 1959 నుండి కొనడం మొదలుపెట్టి, మొత్తం 297 ఇంజన్లు కొన్నాడు. కోసి అమ్మడానికే కొన్నాడు, దయతో కాదు. కాని వ్యాగన్లు కోయడం సులభం, అవీ వేలకొద్దీ వస్తున్నాయి. అందుకని ముందు అవి కోసి, ఇంజన్లను తరువాత చూద్దామని సముద్రపు గాలికి వరుసలుగా నిలబెట్టాడు. ఆ 'తరువాత' రాలేదు. రైలు ప్రేమికులు చందాలు వేసుకొని ఒక్కొక్కటిగా కొనుక్కోసాగారు. ఆయన వాళ్ళ కోసం ఆగాడు. డబ్బు పోగయ్యేవరకు యేండ్ల తరబడి కోయకుండా ఉంచాడు. 1968లో మొదటి ఇంజను బయటకు పోయింది, 1990లో చివరిది. మొత్తం 213 బయటపడ్డాయి, వాటిలో అనేకము మళ్ళీ ఆవిరి పట్టి నడిచాయి. తుప్పు పట్టి, పొగగొట్టములో గడ్డి మొలిచిన ఇంజనును మళ్ళీ నడిపించడానికి పదేసి, ఇరవయ్యేసి యేండ్లు పట్టినవి కూడా ఉన్నాయి. మా డిపో చివరి దారిలో పిల్లలు అట్టతో ఒక పాత ఆవిరి ఇంజను చేసి నిలబెట్టారు. దాని మీద సుద్దతో 'ఆగండి' అని వ్రాసి ఉంది. అయ్యగారు ఆ వారం దీనిని ప్రసంగములో వాడుకున్నారు కనుక మేము వేరే చెప్పము.

క్రిస్మస్ ముందు శనివారం సాయంకాలం హాలులో తలుపును రెండు బెంచీల మీద పెట్టాము. పశువుల పాక వేదిక మీద, రైలు గుమ్మము దగ్గర. అదే రాజీ. నవ్విన పిల్లలలో ఇద్దరు చీటీలు తీసేవారు, ఆ అబ్బాయి డ్రైవరు. 'రేకు, బీడు, బీడు, ఇత్తడి, గట్టి ఇనుము' అని చదువుతుంటే వాడు పెదవులు బిగబట్టి ఇంజనును ముందుకు వెనుకకు నడిపి వరుస కట్టేవాడు. పదమూడు కదలికలలో కట్టినపుడు తాతయ్య చప్పట్లు కొట్టారు. వద్దన్న పెద్దాయన రెండుసార్లు చీటీ తీశారు, మూడవసారి తానే నడుపుతానని కుర్చీ లాక్కున్నారు.

చీకటి పడ్డాక వాళ్ళ నాన్న వచ్చాడు. బండి బయట నిలిపి, అవే బట్టలతో, చేతులు మాత్రం కడుక్కొని వచ్చి అందరి వెనుక నిలబడ్డాడు. జనం తగ్గిన తరువాత దగ్గరకు వచ్చి వంగి, తన కొట్టును, అర్ధరూపాయంత కాటాను, అట్ట చక్రాల బండిని చాలాసేపు చూశాడు. మేము మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నామని ఒప్పుకోవాలి.

"లారీ ఎట్టా తిరుగుద్ది మాస్టారూ?" అన్నాడు.

"అంటే?"

"సరుకుతో వచ్చిన లారీని ముందు కాటా ఎక్కిస్తాం. దించినాక ఖాళీ లారీని మళ్ళా ఎక్కిస్తాం. రెంటికీ తేడానే గదా సరుకు బరువు! ఇక్కడ లారీ లోనికొచ్చింది, గోడ అడ్డం. తిరగడానికి చోటేది? కాటా ఒక్కసారే ఎక్కితే ఎవరో ఒకరు మోసపోయినట్టే."

వాడు నాన్న వైపు చూసి, "నేను చెబుతానే ఉన్నా నాన్నా, మాస్టారు వినలా" అన్నాడు. అది నిజము. అక్టోబరులోనే చెప్పాడు. గోడకు రంగు ఆరిపోయిందని మేమే కదపలేదు.

మన కొలతలో లారీ పదకొండున్నర సెంటీమీటర్లు. అది తిరగాలంటే కొట్టు వైపు కనీసం ఇంకొక జానెడు కావాలి. వాళ్ళ నాన్న మరునాడు ఆరాధన అయ్యాక ఒక చెక్క తెచ్చి ఇచ్చాడు, ఏదో పాత బీరువా అరది. తలుపుకు కీళ్ళతో తగిలించాము. గోడ ఊడదీసి వెనక్కు జరుపుతున్నాము. జిగురు ఇంకా ఆరలేదు.